అఫిలియేట్ ట్రాకర్ కోసం చవక వీపీఎస్: డబ్బు ఎక్కడ మిగుల్చుకోవచ్చు, ఎక్కడ మిగుల్చుకోకూడదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. విజయవాడ నుంచి తెలుగులో ఒక డీల్స్ టెలిగ్రామ్ ఛానల్, గృహోపకరణాల సమీక్షల యూట్యూబ్ ఛానల్ నడుపుతున్నారు. రోజుకు 20,000 దాకా క్లిక్‌లు వస్తున్నాయి. ఏ లింకును ఎందరు నొక్కారో, అందులో ఏది కొనుగోలై కమీషన్ తెచ్చిందో లెక్కించే క్లౌడ్ ట్రాకర్ల నెలసరి చందా బరువవుతోంది కనుక సొంత వీపీఎస్ (పెద్ద యంత్రంలో ఒక భాగాన్ని అద్దెకు తీసుకునే సర్వర్) మీద ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలని ఉంది, అయితే నెలకు వెయ్యి రూపాయలకు మించకూడదు. ఒక జీబీ మెమరీ చాలుతుందా, జర్మనీలో అంతకంటే తక్కువ ధరకే నాలుగు జీబీ దొరుకుతుంటే ముంబై ఎందుకు తీసుకోవాలి, మూడేళ్లకు ఒకేసారి కడితే ఇచ్చే భారీ తగ్గింపును నమ్మవచ్చా అని మీ సందేహాలు.

ముందుగా ఒక విషయం. మీ క్లిక్‌లలో ఎక్కువ భాగం అమెజాన్ లింకులవైతే, వాటిని ట్రాకర్ గుండా పంపే ముందు అమెజాన్ అసోసియేట్స్ నిబంధనలను ఒకసారి శ్రద్ధగా చదవండి. క్లిక్ ఏ పేజీ నుంచి వచ్చిందో దాచే దారి మళ్లింపులను, తాము అమెజాన్‌కు వెళ్తున్నామని వీక్షకుడికి అర్థం కాని విధంగా ఉండే పొట్టి లింకులను ఆ కార్యక్రమం అనుమతించదు. పైగా మిగతా అఫిలియేట్ నెట్‌వర్క్‌లలా ఒక్కో క్లిక్‌కు ఒక్కో కొనుగోలును జతచేసి చెప్పే పోస్ట్‌బ్యాక్ అక్కడ దొరకదు కనుక ట్రాకర్ వల్ల కలిగే లాభం కూడా స్వల్పమే. అమెజాన్‌కు వేర్వేరు ట్రాకింగ్ ఐడీలు వాడుకుని, పోస్ట్‌బ్యాక్ ఇచ్చే నెట్‌వర్క్‌ల లింకులకు మాత్రమే ట్రాకర్‌ను ఉంచుకోవడం మంచిది. ఈ ఒక్క నిర్ణయంతోనే మీ సర్వర్ మీద భారం సగానికి సగం తగ్గవచ్చు.

ఇక లెక్కలు చూద్దాం. రోజుకు 20,000 క్లిక్‌లంటే, రోజులో ఉన్న 86,400 సెకన్లకు పంచితే సెకనుకు పావు క్లిక్ కూడా రాదు. ఈ సగటును చూసి ఏ సర్వరైనా సరిపోతుందని అనుకోవడం సహజం. కానీ డీల్స్ ఛానల్‌కు క్లిక్‌లు సగటున రావు. రాత్రి ఎనిమిదింటికి ఒక ఫోన్ మీద ధర తగ్గిందని సందేశం పెడతారు, మొదటి రెండు నిమిషాల్లోనే 1,500 మంది నొక్కుతారు. అంటే సెకనుకు పన్నెండు, పదమూడు. మీరు సర్వర్‌ను కొనేది ఆ రెండు నిమిషాల కోసమే, నెల మొత్తం కోసం కాదు. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించే నెలకు ఒక టెరాబైట్, రెండు టెరాబైట్ల బ్యాండ్‌విడ్త్ మీకు దాదాపు అక్కరలేని సంగతి. ఒక్కో దారి మళ్లింపుకు సురక్షిత సంధానంతో కలిపి ఆరేడు కిలోబైట్లకు మించి ఖర్చు కాదు కనుక నెల మొత్తానికి నాలుగైదు జీబీలు తేలతాయి. బ్యాండ్‌విడ్త్ ఎక్కువ ఇస్తున్నారని ఒక ప్లాన్‌కు అదనంగా డబ్బు పెట్టకండి.

మెమరీ విషయానికి వస్తే, సమాధానం మీరు ఎంచుకునే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడి ఉంటుంది. కీటారో, బైనామ్ వంటి ట్రాకర్ల కొత్త తరం వెర్షన్లు క్లిక్‌ల నివేదికల కోసం క్లిక్‌హౌస్ అనే డేటాబేస్‌ను వాడతాయి. లక్షల క్లిక్‌ల నివేదికను క్షణాల్లో తీసే శక్తి దానికి ఉంది, అయితే అది మెమరీని ధారాళంగా తీసుకుంటుంది, కనీసం నాలుగు జీబీ ఉండాలని దాన్ని తయారుచేసేవారే సలహా ఇస్తారు. అంతకంటే తక్కువతో ఇన్‌స్టాల్ అయినా, పెద్ద నివేదిక అడిగిన రోజున మెమరీ చాలక లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఏదో ఒక ప్రక్రియను చంపేస్తుంది, తరచుగా అది డేటాబేసే అవుతుంది. దీనికి భిన్నంగా పీహెచ్‌పీ భాషలో రాసి, మైఎస్‌క్యూఎల్ లేదా మరియాడీబీ డేటాబేస్ మీద నడిచే సాదా ట్రాకర్ అయితే ఒక జీబీతోనూ బండి నడుస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు సుమారు 200 ఎంబీ, డేటాబేస్‌కు 300 ఎంబీ పోగా మిగిలిన దానిలో ఒక్కొక్కటి 40 ఎంబీ తినే పీహెచ్‌పీ ప్రక్రియలు పది దాకా పడతాయి. దారి మళ్లింపు ఒక్కోటి 30, 40 మిల్లీసెకన్లలో ముగుస్తుంది కనుక పైన చెప్పిన సెకనుకు పదమూడు క్లిక్‌ల ఉప్పెనను ఆ పది ప్రక్రియలు మోయగలవు.

అయితే ఒక జీబీ సర్వర్లు కుప్పకూలేది సాధారణంగా క్లిక్‌ల వల్ల కాదు. యజమాని తెరిచే నివేదిక వల్ల. సందేశం పెట్టిన ఐదో నిమిషంలో ఎన్ని క్లిక్‌లు వచ్చాయో చూద్దామని ఆతృతగా డ్యాష్‌బోర్డ్ తెరుస్తాము, అది అలవాటుగా గత మూడు నెలల నివేదికను అడుగుతుంది, మీ లెక్క ప్రకారం అవి 18 లక్షల వరుసలు. మెమరీలో పట్టనందున డేటాబేస్ వాటిని డిస్క్ నుంచి చదవడం మొదలుపెడుతుంది, అదే సమయంలో కొత్త క్లిక్‌లు రాయడానికి అదే డిస్క్ దగ్గర వరుసలో నిలబడతాయి, పది పీహెచ్‌పీ ప్రక్రియలూ వేచి ఉండటంతోనే నిండిపోతాయి, పదకొండో వీక్షకుడికి తెల్లని తెర కనిపిస్తుంది. కాబట్టి డ్యాష్‌బోర్డ్ డిఫాల్ట్ కాలాన్ని 'ఈ రోజు' అని మార్చుకోండి, పెద్ద నివేదికలు తెల్లవారుజామున తీసుకోండి. వీలైతే రెండు జీబీ తీసుకుని, మరియాడీబీలో ఇన్నోడీబీ బఫర్ పూల్‌ను (డేటాబేస్ తన డేటాను మెమరీలో ఉంచుకునే చోటు), అప్రమేయంగా ఉండే 128 ఎంబీ నుంచి 700, 800 ఎంబీల దాకా పెంచండి. ఆ ఒక్క సెట్టింగ్ మార్చకపోతే రెండో జీబీ కొన్నా అది చాలావరకు ఖాళీగానే పడి ఉంటుంది. నా అభిప్రాయం అడిగితే, మీ స్థాయికి క్లిక్‌హౌస్ అవసరం లేదు. రెండు జీబీ సర్వర్, మరియాడీబీ మీద నడిచే ట్రాకర్ చాలు. రోజుకు లక్ష క్లిక్‌లు దాటినప్పుడు ఆలోచించుకోవచ్చు.

డిస్క్ పరిమాణం గురించి పెద్దగా బెంగ అక్కరలేదు. సూచికలతో కలిపి ఒక్కో క్లిక్‌కు ఒక కిలోబైట్ వేసుకున్నా రోజుకు 20 ఎంబీ, ఏడాదికి ఏడు జీబీ మాత్రమే. ఇబ్బంది పెట్టేది డిస్క్ వేగం, ఇంకా మనం చూసుకోని లాగ్ ఫైళ్లు. మైఎస్‌క్యూఎల్ 8లో బైనరీ లాగ్ (డేటాలో జరిగిన మార్పుల చిట్టా) అప్రమేయంగా తెరిచే ఉంటుంది, 30 రోజుల దాకా ఫైళ్లు పోగవుతాయి. ఒకే సర్వర్ ఉన్నవారికి దాని అవసరం తక్కువ కనుక గడువును మూడు రోజులకు తగ్గించుకోండి. డిస్క్ నిండిన క్షణం నుంచి క్లిక్‌లు నమోదు కావు. లింకు మాత్రం పనిచేస్తున్నట్టే కనిపించే ట్రాకర్లు కొన్ని ఉన్నాయి, అప్పుడు లోపం కమీషన్ నివేదిక వచ్చేదాకా బయటపడదు.

వర్చువలైజేషన్ (ఒక యంత్రాన్ని పలు సర్వర్లుగా విడగొట్టే పద్ధతి) రకం తప్పక అడగండి. ప్రతి సర్వర్‌కూ సొంత కెర్నల్ ఇచ్చే కేవీఎం అయితేనే తీసుకోండి. ఓపెన్‌వీజెడ్ వంటి కంటైనర్ పద్ధతిలో మీ సర్వర్‌కు సొంత కెర్నల్ ఉండదు, పక్కవారందరితో కలిసి ఒకటే కెర్నల్‌ను పంచుకుంటారు, స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్క్ భాగం) పెట్టుకోవడం నుంచి కెర్నల్ సెట్టింగులు మార్చడం దాకా చాలా పనులు ఇల్లు అద్దెకు తీసుకుని వంటగది మాత్రం ఉమ్మడిగా వాడుకున్నట్టు ఉంటాయి. ఏడాదికి వెయ్యి, పదిహేను వందలకే అనే ప్రకటనల్లో ఈ రకం ఇప్పటికీ ఎక్కువగా కనిపిస్తుంది. ఫోన్లలో ఉండే రకం ఏఆర్ఎం ప్రాసెసర్ ప్లాన్లు చవకే, పనితీరూ బాగుంటుంది, కానీ మీ ట్రాకర్ ఇన్‌స్టాలర్ ఏఆర్ఎంను సమర్థిస్తుందో లేదో చూసుకున్నాకే తీసుకోండి.

ఇప్పుడు ముంబై, జర్మనీ సంగతి. సర్వర్ ఉండవలసింది మీకు దగ్గరగా కాదు, అమ్మే వెబ్‌సైట్‌కు దగ్గరగానూ కాదు, క్లిక్ చేసే మనిషికి దగ్గరగా. ఒక కొత్త వీక్షకుడు మీ లింకు నొక్కినప్పుడు టీసీపీ సంధానం కుదరడానికి ఒక రాకపోక (సందేశం వెళ్లి జవాబు రావడం), దాన్ని సురక్షితం చేసే టీఎల్ఎస్ 1.3కు ఒకటి, అసలు అభ్యర్థనకు ఇంకొకటి, మొత్తం మూడు రాకపోకలు జరుగుతాయి. పాత టీఎల్ఎస్ 1.2 అయితే నాలుగు. గాజు తంతువులో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లే ప్రయాణిస్తుంది కనుక మన దగ్గరి నుంచి జర్మనీకి ఒక్క రాకపోకకు సాధారణంగా 130 నుంచి 170 మిల్లీసెకన్లు పడుతుంది, మూడు కలిపితే దాదాపు అర సెకను. ముంబైకి ఒక్కోటి 25 నుంచి 45 మిల్లీసెకన్లు, మూడు కలిపినా 135 లోపే. ఆ తరువాతే అసలు దుకాణం పేజీ తెరుచుకోవడం మొదలవుతుంది. ఫోన్‌లో, రద్దీ వేళలో, ఆ తేడాకు వెనక్కి నొక్కేవారు ఉంటారు. అందువల్ల ముంబైలో రెండు జీబీ, జర్మనీలో నాలుగు జీబీ ఒకే ధరకు దొరికినా మీకు ముంబైనే చెబుతాను.

బెంగళూరులోనూ డిజిటల్ ఓషన్ వంటి సంస్థలకు కేంద్రాలున్నాయి. ముంబై, బెంగళూరు, సింగపూర్ మూడింటినీ పరీక్షించి ఎంచుకోండి. సింగపూర్‌ను కలిపింది ఊరికే కాదు. చెన్నై తీరం నుంచి అక్కడికి నేరుగా సముద్రగర్భ కేబుళ్లు ఉన్నందున, ఆంధ్రలోని కొన్ని ఇంటర్నెట్ సంస్థల వినియోగదారులకు సింగపూర్ ఊహించినంత దూరం అనిపించదు. 2022 నవంబరులో హైదరాబాద్‌లో ప్రారంభమైన ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్ సేవ) రీజియన్ పేరు చూసి మనసు లాగవచ్చు. కానీ ముంబైతో పోలిస్తే మిగిలేది కొద్ది మిల్లీసెకన్లే, పైగా ఏడబ్ల్యూఎస్‌లో సర్వర్, డిస్క్, ఐపీ చిరునామా అన్నిటికీ విడివిడిగా బిల్లు పడుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి ఒక్క పబ్లిక్ ఐపీవీ4 (పాత పద్ధతి ఇంటర్నెట్) చిరునామాకే గంటకు 0.005 డాలర్లు, అంటే నెలకు మూడున్నర డాలర్లకు పైగా వసూలు చేస్తున్నారు. మీ బడ్జెట్‌లో మూడో వంతు అక్కడే పోతుంది. మీ వీక్షకుల్లో అమెరికాలోని తెలుగువారు గణనీయంగా ఉండి, అక్కడి దుకాణాల లింకులు కూడా పెడుతుంటే, ఆ లింకులకు వేరే సబ్‌డొమైన్ ఇచ్చి, అవసరం నిజంగా కనబడినప్పుడు మాత్రమే అక్కడ మరో చిన్న సర్వర్ తీసుకోండి. మొదటి రోజే రెండు వద్దు.

ఇంటర్నెట్ చిరునామాల కొత్త పద్ధతి ఐపీవీ6 గురించి ఎవరూ అడగరు గానీ మన దేశంలో ఇది ముఖ్యం. మొబైల్ నెట్‌వర్క్‌లలో ఒకే ఐపీవీ4 చిరునామాను ఎంతోమంది వినియోగదారులు పంచుకుంటారు. మీ సర్వర్‌కు ఐపీవీ4 మాత్రమే ఉండి, ట్రాకర్ ఐపీ చిరునామాను బట్టి కొత్త వీక్షకులను లెక్కిస్తే, వంద మందిని పదిమందిగా చూపిస్తుంది, ఒక్కోసారి వారిని బాట్‌లుగా భావించి అడ్డుకుంటుంది కూడా. జియో వంటి నెట్‌వర్క్‌ల్లో ఐపీవీ6 విస్తృతంగా ఉంది కనుక సర్వర్‌కు ఐపీవీ6 చిరునామా తీసుకుని, డొమైన్ పేరును చిరునామాకు జతచేసే డీఎన్ఎస్‌లో దానికీ రికార్డు పెడితే ఈ గందరగోళం చాలావరకు తొలగుతుంది. ట్రాకర్‌కు ఐపీవీ6 అర్థమవుతుందో లేదో కొనే ముందే చూసుకోవాలి. అలాగే సర్వర్ ముందు క్లౌడ్‌ఫ్లేర్ అనే మధ్యవర్తి సేవను పెట్టుకుంటే, వీక్షకుడి అసలు ఐపీని హెడర్ నుంచి తీసుకునేలా వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అయిన ఎన్‌జిన్ఎక్స్‌ను సరిచేయండి, లేకపోతే క్లిక్‌లన్నీ క్లౌడ్‌ఫ్లేర్ చిరునామాల నుంచే వచ్చినట్టు నమోదవుతాయి.

కొనే ముందు పరీక్షించే విధానం చెబుతాను. డిజిటల్ ఓషన్, వల్టర్, లినోడ్, హెట్జ్నర్ వంటి సంస్థలు వాడిన సమయం లెక్కన బిల్లు వేస్తాయి కాబట్టి ఒక సాయంత్రం పరీక్షకు అయ్యే ఖర్చు టీ ఖర్చంత కూడా ఉండదు. ఏడు నుంచి పదకొండు గంటల మధ్య పరీక్షించండి, ఎందుకంటే పక్కవారి రద్దీ తెలిసేది అప్పుడే. టాప్ కమాండ్ నడిపి చివర ఉండే ఎస్‌టీ అనే అంకెను గమనించండి. మీకు దక్కవలసిన ప్రాసెసర్ సమయంలో ఎంత భాగాన్ని హోస్ట్ యంత్రం ఇతరులకు ఇచ్చేసిందో అది చెబుతుంది. ఒకటి రెండు శాతం ఉంటే పట్టించుకోనక్కరలేదు, పది శాతం దగ్గర నిలకడగా ఉంటే ఆ సర్వర్‌ను తీసేసి మరొకటి సృష్టించండి, వేరే హోస్ట్ మీద పడవచ్చు. తరువాత డిస్క్ వేగాన్ని కొలిచే ఎఫ్ఐఓ సాధనంతో చిన్న చిన్న యాదృచ్ఛిక రాతలను పరీక్షించండి. పెద్ద ఫైలు కాపీ వేగం ఎంత గొప్పగా ఉన్నా ట్రాకర్‌కు ఉపయోగం లేదు, క్లిక్ ఒక్కోటి ఒక చిన్న రాత. చివరగా మరో యంత్రం నుంచి సెకనుకు 30 అభ్యర్థనల చొప్పున రెండు నిమిషాలు పంపి, అదే సమయంలో నివేదిక తెరవండి. జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ సిమ్‌లు ఉన్న మూడు ఫోన్ల నుంచి లింకు నొక్కి చూడండి. ఒక జాగ్రత్త: ఈ సంస్థల్లో చాలావాటిలో సర్వర్‌ను ఆపేసినంత మాత్రాన బిల్లు ఆగదు, పూర్తిగా తొలగిస్తేనే ఆగుతుంది.

మూడేళ్ల తగ్గింపు ప్యాకేజీ వద్దు. ట్రాకర్ సర్వర్ విషయంలో మీకు కావలసిన అతి పెద్ద స్వేచ్ఛ, నచ్చకపోతే ఒక్క రోజులో ఖాళీ చేసి వెళ్లగలగడం. అఫిలియేట్ లింకుల వ్యాపారంలో ఎవరో ఒకరు స్పామ్ అని ఫిర్యాదు చేయడం, హోస్టింగ్ సంస్థ విచారణ లేకుండానే ఖాతాను నిలిపివేయడం జరుగుతూనే ఉంటాయి. నేను పనిచేసిన ఒక ఖాతా పండుగ సేల్ మధ్యలో అలాగే ఆగిపోయింది, సర్వర్ నకళ్లైన స్నాప్‌షాట్‌లన్నీ అదే ఖాతాలో ఉన్నందున అవీ చేతికి రాలేదు. ఆ పూట మమ్మల్ని నిలబెట్టింది వేరే సంస్థ దగ్గర ఉంచిన డేటాబేస్ నకలు, డొమైన్ వేరే రిజిస్ట్రార్ దగ్గర ఉండటం, ఈ రెండే. కాబట్టి లింకుల్లో ఎప్పుడూ మీ సొంత సబ్‌డొమైన్‌నే వాడండి, సర్వర్ ఐపీని గానీ హోస్టింగ్ సంస్థ ఇచ్చిన ఉచిత పేరును గానీ వాడకండి. డీఎన్ఎస్‌లో టీటీఎల్ (పాత చిరునామాను ఇతరులు గుర్తుంచుకునే గడువు) 300 సెకన్లు పెట్టుకుంటే కొత్త సర్వర్‌కు మళ్లడం నిమిషాల పని. ముందే కట్టవలసినది ఏదైనా ఉంటే అది సర్వర్ అద్దె కాదు, డొమైన్ పునరుద్ధరణ. యూట్యూబ్ వివరణల్లో పెట్టిన లింకులు ఏళ్ల తరబడి క్లిక్‌లు తెస్తూనే ఉంటాయి, డొమైన్ ఒక్కసారి చేజారితే వేరెవరో ఆ క్లిక్‌లను అమ్ముకుంటారు. నకలు ప్రతి రాత్రీ తీసి బ్యాక్‌బ్లేజ్ బీ2 వంటి ఫైల్ నిల్వ సేవలో ఉంచండి, అక్కడ మొదటి 10 జీబీ ఉచితం, మీకు చాలాకాలం సరిపోతుంది. నెలకోసారి ఆ నకలును ఒక గంట సర్వర్ మీద తిరిగి ఎక్కించి చూసుకోవాలి.

చివరగా డబ్బు లెక్క. డిజిటల్ ఓషన్‌లో సాధారణ రెండు జీబీ సర్వర్ నెలకు 12 డాలర్లు. డాలరును ₹88గా వేసుకుంటే ₹1,056, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు ₹1,246. ఒక జీబీ సర్వర్ 6 డాలర్లు, పన్నుతో ₹623. మీ కార్డు విదేశీ చెల్లింపులకు మూడు శాతం దాకా అదనంగా తీసుకోవచ్చు. జీఎస్టీ నమోదు ఉంటే మీ నంబరు ఖాతాలో ఇవ్వండి, అప్పుడు సంస్థ పన్ను వేయదు, రివర్స్ ఛార్జ్ కింద మీరే చెల్లించి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు. వెయ్యికి కచ్చితంగా మించకూడదంటే ఒక జీబీ తీసుకుని, రెండు జీబీల స్వాప్ పెట్టి, 60 రోజులు దాటిన ముడి క్లిక్‌లను నకలు తీసుకుని తొలగిస్తూ నడపవచ్చు. ₹250 అదనంగా భరించగలిగితే రెండు జీబీయే తీసుకోండి.

చెల్లింపు దగ్గర ఇంకొక చిక్కు ఉంది. రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు 1 నుంచి అమలు చేసిన నిబంధనల వల్ల, విదేశీ సంస్థలకు మన కార్డుల నుంచి ప్రతి నెలా దానంతట అదే జరిగే చెల్లింపు అకస్మాత్తుగా తిరస్కరణకు గురికావచ్చు. బిల్లు అందలేదన్న ఈమెయిల్ స్పామ్‌లో పడితే సర్వర్ ఆగిన తరువాతే మీకు తెలుస్తుంది. అందుకే ముందస్తు క్రెడిట్ వేసుకునే వీలున్న సంస్థను ఎంచుకుని, మూడు నెలలకు సరిపడా మొత్తం ఖాతాలో ఉంచండి. ఖాతా తెరిచేటప్పుడు అసలు పేరు, చిరునామా ఇవ్వడానికి సంకోచించకండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం వీపీఎస్ సంస్థలు చందాదారుల వివరాలను నిర్ధారించి ఐదేళ్లు భద్రపరచాలి, వివరాలు సరిపోలకపోతే ఖాతాను నిలిపివేయడానికి అదే సాకు అవుతుంది.

మీరు ఎంచుకోబోయే ట్రాకర్ పేరు, అది వాడే డేటాబేస్, అమెజాన్ కాకుండా మిగతా క్లిక్‌లు రోజుకు ఎన్ని ఉంటాయన్నది తెలియజేస్తే, మరియాడీబీ, పీహెచ్‌పీ ప్రక్రియల సెట్టింగులను ఆ లెక్కకు సరిపడేలా రాసి పంపుతాను.